రెజ్లింగ్ ఫ్యూడ్ ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ జారిపోతుంది?

కంచెపక్క

అందరికీ నమస్కారం. ఫలితం ముందే నిర్ణయిస్తారని తెలిసీ రెజ్లింగ్‌ని ప్రేమించేవాళ్ల కోసం ఈ చర్చ మొదలుపెడుతున్నాను. "అంతా ఉత్తుత్తిదే కదా" అన్న వాదన చాలాచోట్ల చాలాసార్లు జరిగింది, ఇక్కడ వద్దు.

అడిగేది ఒకటే. ఫ్యూడ్‌ని, అంటే రెజ్లర్ల మధ్య నడిపే పగ కథని, ఎలా కడితే నిలబడుతుంది? ఎన్ని వారాలు సాగాలి, ఎన్ని మ్యాచ్‌లు పడాలి, ఎప్పుడు తెంచాలి? అండర్‌టేకర్, కేన్‌ల గొడవ జరిగి పాతికేళ్లు దాటినా ఏ నెలలో ఏం జరిగిందో వరసగా చెప్పగలిగేవాళ్లు ఇక్కడే ఉన్నారు. నిరుడు జరిగిన కొన్ని ఫ్యూడ్లలో చివరికి ఎవరు గెలిచారంటే మాత్రం ఆలోచించాల్సి వస్తోంది. తేడా రెజ్లర్ల సత్తాలో లేదు, కట్టిన తీరులో ఉందని నా ఉద్దేశం. తేదీలు, సంఘటనలు పెట్టి మాట్లాడండి.

టూంబ్‌స్టోన్_98

కేన్ కథతోనే మొదలుపెడతాను. ఏది ఎంతకాలం దాచాలో దాన్ని చూసి నేర్చుకోవచ్చు.

1997 వేసవిలో అండర్‌టేకర్ పాత మేనేజర్ పాల్ బేరర్ బయటపెట్టింది ఒక పేరు మాత్రమే. ఇంటికి నిప్పంటుకున్నప్పుడు తల్లిదండ్రులతో పాటు పోయాడనుకున్న అండర్‌టేకర్ తమ్ముడు కేన్ బతికే ఉన్నాడు, వస్తున్నాడు. అంతే. మనిషి కనబడడు. ఈలోపు అండర్‌టేకర్‌కి షాన్ మైకేల్స్‌తో వేరే పగ నడుస్తోంది. ఆగస్టు 3 సమ్మర్‌స్లామ్ ఈవెంట్‌లో రిఫరీగా ఉన్న మైకేల్స్ విసిరిన కుర్చీ దెబ్బ బ్రెట్ హార్ట్‌కి తగలాల్సింది అండర్‌టేకర్‌కి తగిలి, టైటిల్ పోయింది. ఆ పగ అక్టోబర్ 5న సెయింట్ లూయిస్‌లో బ్యాడ్ బ్లడ్ దాకా వచ్చింది. మొట్టమొదటి హెల్ ఇన్ ఎ సెల్, అంటే పంజరంలో మ్యాచ్. అండర్‌టేకర్ గెలిచేశాడు అనుకునే క్షణంలో లైట్లు ఆరాయి. కేన్ నడిచొచ్చి పంజరం తలుపు పీకేసి, అన్న ముగింపు దెబ్బ టూంబ్‌స్టోన్‌తోనే అన్నని పడేశాడు. మైకేల్స్ పాక్కుంటూ వచ్చి పిన్ చేశాడు (మూడు లెక్కించేదాకా భుజాలు నేలకి అదిమి గెలిచాడు). పాత పగ ముగిసిన నిమిషంలోనే కొత్త పగ పుట్టింది.

అసలు నేర్పు ఆ తర్వాత కనిపిస్తుంది. ఇద్దరికీ వెంటనే మ్యాచ్ పెట్టలేదు. తోడబుట్టినవాడి మీద చెయ్యెత్తనని తల్లిదండ్రులకి మాటిచ్చానన్నాడు అండర్‌టేకర్. కేన్ ఎంత రెచ్చగొట్టినా తలపడలేదు. 1998 జనవరిలో తమ్ముడు అన్నకి సాయం వచ్చినట్టు చూపించారు, జనం పొంగిపోయారు. జనవరి 18 రాయల్ రంబుల్‌లో మైకేల్స్‌తో శవపేటిక మ్యాచ్, ఎదుటివాణ్ణి పేటికలో పెట్టి మూత వేస్తే గెలుపు. అండర్‌టేకర్ మీద పడ్డ గుంపుని కేన్ తరిమాడు, వెంటనే అన్నవైపు తిరిగి అతన్నే పేటికలో పడేశాడు. తర్వాత పేటికకి తాళం వేసి నిప్పంటించాడు. ఆ మంట అండర్‌టేకర్‌ని పాత మాట నుంచి విడిపించింది. ఇక అతను కొట్టినా మాట తప్పినట్టు కాదు. దాదాపు ఆరు వారాలు టీవీలో కనిపించలేదు. మార్చి 29న బోస్టన్‌లో ఏడాదికల్లా పెద్ద ఈవెంట్, రెజిల్‌మేనియా 14. మొదటి టూంబ్‌స్టోన్‌కి కేన్ లేచాడు, రెండోదానికీ లేచాడు, మూడోదానికి పడ్డాడు.

లెక్క వేయండి. పేరు వినబడ్డాక మనిషి రావడానికి మూడు నెలలు. మనిషి వచ్చాక మొదటి మ్యాచ్‌కి ఇంకో ఆరు నెలలు. మొత్తం తొమ్మిది నెలలకి ఒక్క మ్యాచ్.

మూడోతాడు

టూంబ్‌స్టోన్ గారు పంజరం మాట ఎత్తారు కాబట్టి అది ఎందుకు వచ్చిందో చెప్పాలి. సెప్టెంబర్‌లో గ్రౌండ్ జీరోలో అండర్‌టేకర్, మైకేల్స్ మ్యాచ్ ఫలితం తేలకుండా ఆగిపోయింది. మైకేల్స్ వెనక హంటర్ (తర్వాతి ట్రిపుల్ హెచ్), మహిళా రెజ్లర్ చైనా, రిక్ రూడ్ ఉండేవాళ్లు. వాళ్లని బయట ఉంచాలి, మైకేల్స్ పారిపోకూడదు. అందుకని పైకప్పున్న పంజరం. సమస్య ముందు పుట్టింది, షరతు (మ్యాచ్‌కి పెట్టే ప్రత్యేక నియమం) దానికి మందుగా వచ్చింది.

2009 నుంచి 2022 దాకా హెల్ ఇన్ ఎ సెల్ పేరుతోనే ఏటా ఒక ఈవెంట్ పెట్టారు. అంటే క్యాలెండర్‌లో తేదీ వచ్చిందని ఎవరో ఒకర్ని పంజరంలో పెట్టాల్సి వచ్చేది. పగ ఆ స్థాయికి వచ్చిందా లేదా అన్నది రెండో సంగతి అయిపోయింది. దానికి పెద్ద మూల్యం 2019 అక్టోబర్ 6న శాక్రమెంటోలో పడింది. సెత్ రాలిన్స్ చాంపియన్, ఎదురుగా బ్రే వయాట్ ఫీండ్ వేషంలో. ఫీండ్ అప్పుడప్పుడే వచ్చాడు, ఏ దెబ్బకీ పడనివాడిగా చూపిస్తున్నారు, ఓడితే వేషమే పోతుంది. రాలిన్స్‌ని అప్పుడే ఓడించడానికి కంపెనీ (డబ్ల్యూడబ్ల్యూఈ) సిద్ధంగా లేదు. దాంతో ఫీండ్ తల మీద సామాన్లు పేర్చి రాలిన్స్ సమ్మెటతో కొడితే రిఫరీ మ్యాచ్ ఆపేశాడు. అనర్హత అనేదే లేని పంజరంలో ఆపేయడం! హాలంతా ఛీకొట్టింది, డబ్బులు వెనక్కిమ్మని అరిచింది, పోటీ కంపెనీ పేరు జపించింది. అదే నెల 31న రియాద్‌లో టైటిల్ ఎలాగూ ఫీండ్‌కే ఇచ్చారు. ఇద్దరిలో ఒక్కరికీ ఓటమి రాయలేని పరిస్థితి ఉంటే ఆ మ్యాచ్ ఆ తేదీకి ప్రకటించకూడదు, అంతే.

షరతు సరిగ్గా కుదిరిన చోటు కావాలంటే 2020లో రోమన్ రెయిన్స్, అతని దగ్గరి బంధువు జే ఊసో చూడండి. గొడవ బెల్టు కోసం కాదు, "నన్ను ఇంటిపెద్దగా ఒప్పుకో" అన్నదాని మీద. సెప్టెంబర్ 27 మొదటి మ్యాచ్‌లో దెబ్బలు చూడలేక కవల సోదరుడు జిమ్మీ తువ్వాలు విసిరి ఆపించాడు. జే మాత్రం ఒప్పుకోలేదు. అందుకే అక్టోబర్ 25న "ఐ క్విట్" షరతు: నోటితో చెప్పాల్సిందే. జే తన కోసం చెప్పలేదు. రెయిన్స్ జిమ్మీ గొంతు బిగించాక, అన్నదమ్ముడి కోసం చెప్పాడు. కథ అడిగిన ప్రశ్నా, షరతూ ఒకటే అయ్యాయి.

గచ్చిబౌలి_గ్యాలరీ

షరతు సంగతి మంచిగ చెప్పిన్రు అన్నా. నేను హీల్ (కథల విలన్) గురించి చెప్త. హీల్‌కు తాను తప్పు చేస్తున్న అనిపించొద్దు. వాని లెక్కల వాడే కరెక్ట్ ఉండాలె. దీనికి 2008ల క్రిస్ జెరికో, షాన్ మైకేల్స్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలె.

ఏప్రిల్ 27 బ్యాక్‌లాష్‌ల బటిస్టాతోని మైకేల్స్ మ్యాచ్, జెరికో రిఫరీ. మైకేల్స్ మోకాలు పోయినట్టు నటించి, బటిస్టా కాసేపు తడబడంగనే సూపర్‌కిక్ కొట్టి గెలిచిండు. జెరికోకు అనుమానం వచ్చింది, అడుగుతనే ఉన్నడు. కొన్నాళ్లకు మైకేల్స్ ఒప్పుకున్నడు. చూడుండ్రి, ఈడిదాంక జెరికో చేసిన తప్పు ఒక్కటి లేదు. మోసం చేసినాయనకు చప్పట్లు పడుతున్నయి, నిజం అడిగినాయనను ఛీకొడుతున్నరు. జూన్ 9న రా అనే వారపు షోల జెరికో తన టాక్ షో నడుపుకుంట మైకేల్స్ తలను టీవీ స్క్రీన్‌కేసి కొట్టిండు. ఆ దెబ్బ ఒక్కదానితోని టర్న్ (మంచోడు హీల్ అవుడు) అయిపోయింది, కారణం మాత్రం నెలన్నర సంది పోగైతనే ఉండె.

టర్న్ అయినంక మనిషినే మార్చుకున్నడు. గట్టిగ అరుసుడు బంద్, జోకులు బంద్. సూటు, మెల్లగ మాట, నవ్వు లేని మొఖం. జనం ఎంజాయ్ చేసేటియి ఒక్కొక్కటి తీసేసిండు. హీల్ అయినంక గూడ సరదా డైలాగులు కొడితే జనం వానికే చప్పట్లు కొడతరు, ఇగ హీరో ఎట్ల బతుకుతడు?

జూలై 20న మైకేల్స్ కన్ను మీద దెబ్బలకు రిఫరీ ఆపేసిండు. ఆగస్టు 17 సమ్మర్‌స్లామ్‌ల మైకేల్స్ భార్యతోని వచ్చి రిటైర్ అయితున్నట్టు చెప్తుంటే, జెరికో కొట్టిన దెబ్బ ఆమెకు తగిలింది. సెప్టెంబర్ 7న మైకేల్స్ కసితీర కొట్టిండు. గని అదే రాత్రి జెరికో వేరే మ్యాచ్‌ల వరల్డ్ టైటిల్ ఎత్తుకపోయిండు. అక్టోబర్ 5 నో మెర్సీల లాడర్ మ్యాచ్ (నిచ్చెన ఎక్కి బెల్టు అందుకునుడు), గెలిచింది జెరికో. పగ మొత్తం మీద హీరోకు కసి తీరింది, బెల్టు దొరకలె. రెండూ వేరే వేరే అని చెప్పే ధైర్యం ఉండాలె రాసేటోళ్లకు.

కంచెపక్క

బాగా చెప్పావు తమ్ముడూ. ఆ భార్యకి తగిలిన దెబ్బ దగ్గర జెరికో ఆమెని కొట్టాలని కొట్టలేదు, మైకేల్స్ పక్కకి తప్పుకోవడంతో తగిలింది. ఆ పొరపాటు కూడా కథలో భాగమే.

ఇక దాచడం గురించి. ఎక్కువకాలం దాచితే విరిగిపోదా? స్టింగ్ విషయంలో అదే జరిగిందా?

తీర్పుగంట

స్టింగ్ విషయంలో దాచడం విరగలేదండీ. విరిగింది మూడు సెకన్ల దగ్గర.

1996 జూలై 7న, డబ్ల్యూసీడబ్ల్యూ అనే కంపెనీలో, హల్క్ హోగన్ హీల్‌గా మారి ఎన్‌డబ్ల్యూఓ అనే గుంపు పెట్టాడు. ఆ శరదృతువులో స్టింగ్ తనవాళ్లే తనని అనుమానించారని వెన్ను చూపించి వెళ్లిపోయాడు. నల్లకోటు, తెల్లముఖం, హాలు పైకప్పు దూలాల మీద నిలబడి చూడడం. మాట లేదు, మ్యాచ్ లేదు. ఏడాదికి పైగా! అప్పుడప్పుడు తాడు పట్టుకుని దిగి నాలుగు దెబ్బలు కొట్టి వెళ్లేవాడు. 1997 డిసెంబర్ 28 స్టార్‌కేడ్ నాటికి ఆ మ్యాచ్ కోసం జనం ఎగబడి కొన్నారు.

ముగింపు ప్రణాళిక ఇది. హోగన్ పిన్ చేస్తే ఎన్‌డబ్ల్యూఓ పక్షపు రిఫరీ నిక్ పాట్రిక్ గబగబా మూడు లెక్కిస్తాడు. బ్రెట్ హార్ట్ వచ్చి, మాంట్రియల్లో తనకి జరిగినట్టు (తనకి చెప్పకుండా ఓడించి టైటిల్ లాగేసినట్టు) ఇంకొకరికి జరగనివ్వనని మ్యాచ్ మళ్లీ నడిపిస్తాడు. స్టింగ్ గెలుస్తాడు. వాస్తవంలో ఆ లెక్క మామూలు వేగంతోనే పడింది. టీవీలో చూసినవాళ్లకి స్టింగ్ నిజాయితీగా ఓడిపోయాడు. ఆ తర్వాత బ్రెట్ చేసిందంతా అన్యాయంలా కనబడింది. టైటిల్‌ని ఖాళీ చేసి 1998 ఫిబ్రవరి 22న మళ్లీ మ్యాచ్ పెట్టాల్సి వచ్చింది.

నిజానికి ఆ గబగబా లెక్క పెట్టాలన్న ఆలోచనే తప్పు. పదిహేను నెలలు మాట లేకుండా ఎదురుచూసిన మనిషికి కావలసింది ఒక్కటే, హోగన్‌ని శుభ్రంగా, ఎవరి సాయం లేకుండా కొట్టడం. మలుపులు దారిలో ఎన్నయినా పెట్టుకోవచ్చు. గమ్యం దగ్గర పెట్టకూడదు.

కొత్తగా_చూస్తున్నా

చిన్న సందేహం. 50-50 బుకింగ్ అని అందరూ తిడుతుంటారు. ఇద్దరికీ చెరో గెలుపు ఇవ్వడం న్యాయమే కదా, అందులో తప్పేముంది?

గోహోమ్

ఆటల్లో న్యాయమే. కథలో ఇద్దరినీ ఒకే మెట్టు మీద ఆపేస్తుంది. ఈ వారం రాలో ఎ గెలిచాడు, వచ్చే వారం బి గెలిచాడు, ఈవెంట్‌లో ఎ గెలిచాడు, మర్నాడు బి. ఎవరి గెలుపుకీ విలువ లేదు, ఎందుకంటే ఏడు రోజుల్లో చెరిగిపోతుందని చూసేవాళ్లకి తెలిసిపోయింది. దీనికి ఒక కారణం టీవీ సమయం. 2012 జూలై 23, వెయ్యో ఎపిసోడ్ నుంచి చాలా ఏళ్లు రా మూడు గంటలు సాగింది. వారం వారం ఆ గంటలు నింపాల్సి వచ్చేది. కొత్త జోడీలు అన్ని దొరకవు, అందుకని అదే మ్యాచ్ మళ్లీ మళ్లీ.

నన్నడిగితే ఆరు వారాల ఫ్యూడ్ ఇలా ఉండాలి. మొదటి వారం ఒక్క సంఘటన, ఒక్క కారణం. రెండు మూడు నిమిషాలు చాలు. కుర్చీ దెబ్బ ఎందుకు కొట్టాడో ఆ రాత్రే చెప్పించొద్దు. రెండో వారం మాట: కొట్టినవాడు కారణం చెప్పాలి, దెబ్బ తిన్నవాడు వేరే చోట నుంచి వినాలి. మూడో వారం బేబీఫేస్ (హీరో) వేరేవాడిని గెలుస్తాడు, కానీ మనసు అక్కడ లేనట్టు కనిపించాలి. నాలుగో వారం హీల్‌ది పూర్తిగా పైచేయి, బేబీఫేస్ నేల మీద ఉండగా షో ముగియాలి. అయిదో వారం ఒప్పందం మీద సంతకాలో, షరతు ప్రకటనో. ఆరోది గో-హోమ్ షో, ఈవెంట్‌కి ముందు ఆఖరి ఎపిసోడ్. అక్కడ ఎవరు పైన నిలబడితే వాళ్లు ఈవెంట్‌లో ఓడిపోతారని పాత అభిమానులకి అలవాటుగా తెలుసు. అందుకే మూడు నాలుగు సార్లకి ఒకసారి దాన్ని తప్పించాలి.

ఈ ఆరు వారాల్లో ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెయ్యి వేసుకునేది రెండుసార్లు మించకూడదు. టీవీలో ఉచితంగా ఆ మ్యాచ్ అసలే పడకూడదు. ఈవెంట్‌కి ముందు వారం ఇద్దర్నీ ఒకే జట్టులో పెట్టి ట్యాగ్ మ్యాచ్ ఆడించే అలవాటు ఉంది చూశారూ, అది రాసేవాళ్ల దగ్గర ఆలోచనలు అయిపోయాయనడానికి గుర్తు.

ప్రోమో, అంటే మైకు పట్టుకుని ఎదుటివాడి మీద మాట్లాడే మాటల గురించి ఒక మాట. మంచి ప్రోమోలో మూడే ఉండాలి: నువ్వు నాకేం చేశావు, నేనేం తీసుకోబోతున్నాను, ఎక్కడ ఎప్పుడు. మన రాయబారం పద్యాల్లో జరిగేది అదే. యుద్ధం తప్పదని, ఎవరు గెలుస్తారో కూడా అందరికీ తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చుని వింటారు, పద్యం పద్యానికీ ఈలలేస్తారు. లెక్కలు వరసగా ఒప్పజెప్పినప్పుడు దెబ్బకి బరువు వస్తుంది.

విశాఖ_రింగ్‌సైడ్

మన దేశపు ఫ్యూడ్ల మాట కూడా రావాలి కదండీ. గ్రేట్ ఖలీ వచ్చినప్పుడు మొదటి మూడు నెలలు చక్కగా కట్టారు. 2006 ఏప్రిల్ 7 స్మాక్‌డౌన్ అనే వారపు షోలో నేరుగా అండర్‌టేకర్ మీదికి వచ్చాడు. మే 21 జడ్జ్‌మెంట్ డేలో ఓడించాడు కూడా. పక్కన డైవారీ మాట్లాడేవాడు, ఖలీ మాట్లాడనక్కర్లేదు. ఎత్తు ఏడడుగులు దాటిన మనిషి, కదలిక నెమ్మది. కాబట్టి మ్యాచ్ పొట్టిగా, దెబ్బలు తక్కువగా ఉంచారు. లోపాన్ని భయంగా మార్చారు.

తర్వాత పంజాబీ ప్రిజన్. వెదురుతో రెండు పంజరాలు. లోపలిది 16 అడుగులు, నాలుగు తలుపులు, ఒక్కో తలుపూ ఒక్కసారి 60 సెకన్లు తెరిచి మళ్లీ మూసేస్తారు. బయటిది 20 అడుగులు, ఎక్కి దిగాల్సిందే. ఖలీ పేరు మీద పుట్టిన ఈ మ్యాచ్‌లో జూలై 23న ఖలీయే లేడు, వైద్య అనుమతి రాలేదు, బదులు బిగ్ షో దిగాడు. జనం పగ కోసం వస్తే కట్టడం మాత్రమే కనబడింది. ఆగస్టు 18న లాస్ట్ మ్యాన్ స్టాండింగ్ మ్యాచ్‌లో (పది లెక్కించేలోగా లేవకపోతే ఓటమి) అండర్‌టేకర్ చేతిలో ఓడిపోయాక ఖలీ కూడా పడతాడని తెలిసిపోయింది. రాక్షసుడి ఓటమి ఒక్కసారే అమ్ముడుపోతుంది. దాన్ని ఈవెంట్‌లో కాకుండా వారపు షోలో ఖర్చుపెట్టారు.

జిందర్ మహల్ 2017లో ఇంకో రకం. ఏప్రిల్ 18న ఆరుగురి మ్యాచ్ గెలిచి, మే 21 బ్యాక్‌లాష్‌లో రాండీ ఆర్టన్‌ని ఓడించి చాంపియన్ అయ్యాడు. అంతకుముందు నెలల తరబడి అందరి చేతుల్లో ఓడిన మనిషి. అయిదు వారాల్లో చాంపియన్ అంటే మధ్యలో మెట్లు లేవు. అదీగాక గెలుపు గెలుపుకీ అతని అనుచరులు సింగ్ బ్రదర్స్ అడ్డురావడమే. మొదటిసారి కోపం వస్తుంది, నాలుగోసారి విసుగొస్తుంది. జూలై 23న మళ్లీ పంజాబీ ప్రిజన్, మళ్లీ ఖలీ రాక. హాల్లో ఉన్నవాళ్లకి వెదురు అడ్డం వచ్చి లోపల ఏం జరుగుతోందో కనబడలేదు. నవంబర్ 7న మాంచెస్టర్‌లో ఏజే స్టైల్స్‌కి టైటిల్ పోయింది. మహల్ కష్టపడ్డాడు, శరీరాన్ని మార్చుకున్నాడు, ప్రోమోలో అతనికి నమ్మకం ఉంది. అతనికి ఆరు నెలల మెట్లు ముందు కట్టి ఉంటే సంగతి వేరుగా ఉండేదని నేను గట్టిగా నమ్ముతాను.

గచ్చిబౌలి_గ్యాలరీ

2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంల జరిగిన షో గూడ దీనికి సంబంధించిందే అన్నా. జాన్ సీనా, సెత్ రాలిన్స్ ఒక జట్టు, ఎదురుంగ ఇంపీరియం అనే గుంపు నుంచి కైజర్, విన్సీ. సామీ జేన్, కెవిన్ ఓవెన్స్ మీదికి మన దేశపు జట్టు ఇండస్ షేర్. గుంథర్ మీదికి శాంకీ. బెల్టులేమీ మారలె. చాలామంది దానికి బాధపడ్డరు. గని పర్యటన షోల పద్ధతే అది. కథ ముంగటికి పోవొద్దు, ఎందుకంటే వారపు షో చూసేటోళ్లకు అది తెల్వది. అందుకనే అసుంటి షోల అందరికీ తెలిసిన గీతలు గీస్తరు: హీల్ ముందు ఊరిని తిట్టాలె, బేబీఫేస్ దెబ్బలు తినాలె, పార్ట్‌నర్‌కు ట్యాగ్ అందీ అందనట్టు ఉండాలె, అందంగనే హాలు లేవాలె. ఆరు వారాల ఫ్యూడ్‌ను పదిహేను నిమిషాల్ల చూపెట్టుడు అది. దాన్ని తక్కువ చేసి చూడొద్దు.

తీర్పుగంట

ఈమధ్య కథల్లో బ్లడ్‌లైన్ (రెయిన్స్ కుటుంబ గుంపు) గురించి ఎవరూ రాయలేదేం? సామీ జేన్ భాగమే తీసుకోండి. 2022 సెప్టెంబర్ 23న రెయిన్స్ అతనికి "గౌరవ ఊస్" (Honorary Uce) చొక్కా ఇచ్చాడు. జే మాత్రం మొదటి నుంచీ సామీని నమ్మలేదు. నవంబర్ 26 వార్ గేమ్స్‌లో (జట్ల పంజరం మ్యాచ్) సామీ తన పాత స్నేహితుడు ఓవెన్స్‌నే దెబ్బతీసి జే గెలిచేలా చేశాడు, జే అతన్ని హత్తుకున్నాడు. 2023 జనవరి 28, ఓవెన్స్‌ని తాళ్లకి సంకెళ్లేసి కట్టేశారు, రెయిన్స్ సామీ చేతికి కుర్చీ ఇచ్చి కొట్టమన్నాడు. సామీ రెయిన్స్‌నే కొట్టాడు. నెలల కిందట అనుమానించిన జే అప్పుడు సామీని కొట్టకుండా వెళ్లిపోయాడు. పాత్రలు ఎదురు బదురయ్యాయి!

ఫిబ్రవరి 18న మాంట్రియల్లో, సొంత ఊళ్లో, సామీ రెయిన్స్ చేతిలో ఓడిపోయాడు. అక్కడే సామీ గెలవాల్సిందని నా వాదన. ఆ హాలు 1997 నవంబర్ 9న బ్రెట్ హార్ట్‌కి అన్యాయం జరిగిన హాలే, పేరు మారిందంతే. పాతికేళ్ల గాయం మీద మందు పడేది.

మూడోతాడు

మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను తీర్పుగంట గారూ. సామీ కథ అడిగిన ప్రశ్న "బెల్టు వస్తుందా" కాదు. "నన్ను తనవాడిగా చూసుకునేవాళ్లు ఎవరు" అన్నది. ఏప్రిల్ 1న రెజిల్‌మేనియా 39 మొదటి రాత్రి చివరి మ్యాచ్‌లో, ఓవెన్స్‌తో కలిసి ఊసోల దగ్గర ట్యాగ్ టైటిళ్లు గెలిచినప్పుడు ఆ ప్రశ్నకి జవాబు దొరికింది. సామీ పిన్ చేసింది ఎవరిని? జేని. మొదటి నుంచీ కాదన్నవాడిని. మాంట్రియల్లో బెల్టు ఇచ్చి ఉంటే ఆరు వారాల తర్వాత కోడీ రోడ్స్ దగ్గర ఏం మిగిలేది?

తీర్పుగంట

కోడీ మాత్రం ఏం గెలిచాడండీ అప్పుడు? మర్నాడు రెయిన్స్ తరఫున సోలో సికోవా అడ్డొచ్చి, రెయిన్స్ చేతిలో ఓడిపోయాడు. జనవరిలో రంబుల్ (ముప్ఫైమంది పోటీ, గెలిస్తే రెజిల్‌మేనియాలో టైటిల్ మ్యాచ్) గెలిపించి, తండ్రి డస్టీ రోడ్స్‌కి దక్కని బెల్టు అని తొమ్మిది వారాలు చెప్పి, చివర్లో అదే అడ్డురాక. నా దృష్టిలో అది స్టార్‌కేడ్ తప్పే మళ్లీ.

గోహోమ్

మర్నాడు ఉదయం అడిగితే నేనూ మీ పక్షమే. కానీ ఆ తర్వాత వాళ్లు ఓటమిని ఖాళీగా వదిలేయలేదు. 2023 జూలై 1న లండన్‌లో జే ఊసో రెయిన్స్‌ని పిన్ చేశాడు. 2019 డిసెంబర్ తర్వాత రెయిన్స్ భుజాలు మూడు లెక్కకి నేల మీద ఉండడం అదే మొదటిసారి. గోడ పగులుతోందని చూపించారు.

2024 ఫిబ్రవరి 2న ఇంకో పెద్ద తప్పు చేశారు. రెండోసారి రంబుల్ గెలిచిన కోడీ తన స్థానాన్ని రాక్ (డ్వేన్ జాన్సన్)కి వదిలేసినట్టు చూపించారు. జనం కోపం హాళ్లలోనూ, సోషల్ మీడియాలోనూ కట్టలు తెంచుకుంది. ఆరు రోజుల్లో, ఫిబ్రవరి 8 లాస్ వేగాస్ వేదిక మీద, కోడీ మళ్లీ రెయిన్స్‌నే ఎంచుకున్నాడు, రాక్ అతని చెంప పగలగొట్టాడు. జనం ఎవరి మీద కోపంగా ఉన్నారో అతన్నే హీల్ చేశారు. 2014లో డేనియల్ బ్రయాన్ విషయంలో కంపెనీ ఇదే పాఠం ఆలస్యంగా నేర్చుకుంది. బ్రయాన్ లేని రంబుల్‌లో బటిస్టా గెలిస్తే జనం ఛీకొట్టారు, 30వ నంబర్‌లో వచ్చిన రే మిస్టీరియోని సైతం వదల్లేదు. చివరికి ఏప్రిల్ 6న ఒకే రాత్రి ట్రిపుల్ హెచ్‌ని, ఆ తర్వాత ఆర్టన్, బటిస్టాలని బ్రయాన్ దాటాల్సి వచ్చింది. హీట్ (జనం కోపం) ఎటు పోతోందో చూసి కథని అటు తిప్పుకోవాలి. మొండికేస్తే అది హీల్ మీద కోపంగా ఉండదు, టీవీ కట్టేసే కోపం అవుతుంది.

నాలుగో_జనవరి

అందరూ ప్రోమోలు, అడ్డురాకల చుట్టూనే తిరుగుతున్నారు. జపాన్‌లో న్యూ జపాన్ కంపెనీ వీటిలో చాలావరకు లేకుండానే పగ కడుతుంది. కజుచికా ఒకాడా, కెన్నీ ఒమేగా నాలుగు మ్యాచ్‌లు చూడండి. అక్కడ కథ నడిపింది ఒక్క దెబ్బ, ఒమేగా వన్-వింగ్డ్ ఏంజెల్. దాని తర్వాత దాదాపు ఎవరూ లేవరు.

2017 జనవరి 4 టోక్యో డోమ్. 46 నిమిషాలు దాటిన మ్యాచ్‌లో ఒమేగా ఆ దెబ్బ వేయనే లేకపోయాడు, ఓడాడు. జూన్ 11న వేశాడు, ఒకాడా కాలు తాడు మీద పెట్టి బతికాడు, 60 నిమిషాలకి డ్రా. ఆగస్టు 12న జీ1 టోర్నమెంట్‌లో, 30 నిమిషాల పరిమితిలో, శుభ్రంగా వేసి గెలిచాడు. కానీ అక్కడ బెల్టు లేదు. 2018 జూన్ 9న మూడింటిలో రెండు గెలవాలన్న షరతు మీద, 64 నిమిషాలకి పైగా ఆడి, అదే దెబ్బతో బెల్టు తీసుకున్నాడు. వేయలేదు, వేశాడు కానీ చాలలేదు, గెలిచాడు కానీ బెల్టు లేదు, బెల్టు. పదిహేడు నెలల్లో నాలుగు మెట్లు, ఏ మెట్టూ రెండోసారి ఎక్కలేదు.

ఇది పనిచేయాలంటే ఫినిషర్‌ని, అంటే మ్యాచ్ ముగించే దెబ్బని, కాపాడాలి. ప్రతి పెద్ద మ్యాచ్‌లోనూ మూడేసి ఫినిషర్ల నుంచి లేచేస్తుంటే ఇలాంటి కథ రాయడానికి సామాను మిగలదు. కేన్ మూడో టూంబ్‌స్టోన్‌కి పడడం ఎందుకు గుర్తుంది? అప్పటిదాకా ఒక్కదాని నుంచి లేవడమే వింత కాబట్టి.

కొత్తగా_చూస్తున్నా

ఇప్పుడు అర్థమైంది. 50-50 అంటే మెట్టు ఎక్కడం, దిగడం. ఇది ఎక్కడమే. మరి రాసుకున్నది మధ్యలో గాయంతో ఆగిపోతే?

విశాఖ_రింగ్‌సైడ్

గాయాన్ని దాచకుండా కథలోకి తెచ్చుకోవడమే మేలు. 2022 జూన్ 5న రాలిన్స్‌తో మ్యాచ్‌కి వచ్చేసరికి కోడీకి ఛాతీ కండరం చిరిగి ఒళ్లంతా కమిలిపోయి ఉంది. కోటు విప్పగానే హాలంతా నిశ్శబ్దం. రాలిన్స్ వారాల తరబడి చెప్పాల్సిన "వీడు ఎంత మొండివాడో" అన్న మాట ఆ ఒక్క కమిలిన ఛాతీ చెప్పేసింది. మ్యాచ్ గెలిచి దాదాపు ఎనిమిది నెలలు వెళ్లిపోయాడు, రంబుల్‌లో 30వ నంబర్‌లో వచ్చి గెలిచాడు. అయితే ఇది డాక్టర్లు ఒప్పుకుంటేనే. అనుమతి రాకపోతే బదులు మనిషిని పెట్టి అదే షరతుతో నడపడం, 2006లో జరిగినట్టు, అన్నిటికంటే చెడ్డ దారి. షరతు ఆ మనిషిదైతే మ్యాచ్‌ని వాయిదా వేయాలి.

టూంబ్‌స్టోన్_98

ఒక్కటి మిగిలింది, పాత సంగతిని ఎంతకాలం గుర్తుపెట్టుకోవాలన్నది. 2024 ఏప్రిల్ 7, ఫిలడెల్ఫియా, కోడీ–రెయిన్స్ రెండో మ్యాచ్. జిమ్మీ, జే, సోలో, సీనా, రాక్, అండర్‌టేకర్, అందరూ వచ్చి వెళ్లారు. తీర్పుగంట గారు 2023లో తప్పుపట్టిన అడ్డురాకలన్నీ ఇక్కడ రెండింతలయ్యాయి. అయినా జనం ఒప్పుకున్నారు. మొదటి రాత్రి రాక్, రెయిన్స్ గెలిచారు కాబట్టి రెండో రాత్రి నియమాలే ఉండవని ముందే ప్రకటించారు.

వచ్చినవాళ్లలో రాలిన్స్ కూడా ఉన్నాడు, ఒకప్పుడు రెయిన్స్‌తో కలిసి ఉన్న షీల్డ్ జట్టు నల్ల వేషంలో. రెయిన్స్ చేతిలో కుర్చీ. ఒకపక్క కోడీ నేల మీద, కొడితే బెల్టు నిలబడుతుంది. ఇంకోపక్క రాలిన్స్. 2014 జూన్ 2న రాలో ఇదే రాలిన్స్ కుర్చీతో వెనక నుంచి రెయిన్స్ వీపు మీద కొట్టి షీల్డ్‌ని ముక్కలు చేశాడు. రెయిన్స్ ఒక్క క్షణం ఆగి, కోడీని వదిలేసి రాలిన్స్ వీపు మీద కొట్టాడు. ఆ కాస్త సమయంలో కోడీ లేచాడు. కోడీ ఫినిషర్ క్రాస్ రోడ్స్ మూడుసార్లు, 1,316 రోజుల టైటిల్ అక్కడితో పోయింది.

కంచెపక్క

రాలిన్స్ ఆ వేషం మొదటిసారి వేసింది అప్పుడు కాదు, ఇది కూడా చేర్చండి. 2022 జనవరి 29 రాయల్ రంబుల్‌లో రెయిన్స్ ముందు అలాగే వచ్చాడు. అప్పుడూ రెయిన్స్ నిగ్రహం తప్పాడు, పట్టు వదలకుండా పీక బిగించి అనర్హతతో ఓడిపోయాడు, బెల్టు మాత్రం మిగిలింది. ఆ వేషం చూస్తే రెయిన్స్‌కి లెక్క తప్పుతుందని రెండేళ్ల ముందే చూపించి పెట్టారు.